బాల్యముతో ముగియని బాధ్యత

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన ఆటిజమును గూర్చి లోకమునకు తెలియజెప్పు దినము జరుపబడుచున్నది. ఐక్యరాజ్యసమితి 2007లో చేసిన తీర్మానము ననుసరించి 2008 మొదలు ఈ యాచారము సాగుచున్నది. ఆనాడు సభలు జరుగును. భవనములకు నీలి దీపములు పెట్టుదురు. పసిపిల్లల చిత్రములు పత్రికలలో నచ్చగును. మంత్రులు సందేశముల నిత్తురు. ఈ యుత్సవమును మేము నిరసింపము. నిన్నటి వరకు పేరైన నెరుగని విషయమును నేడు నలుగురు నోట పలుకుట మేలే. కాని యా చిత్రములలో నొక లోపము కలదు. వానిలో నున్నవారందరును పిల్లలే. ఆ పిల్లలు పెరుగరా? ముప్పది యేండ్లు, ఏబది యేండ్లు వారికి రావా? తల్లిదండ్రులు గతించిన పిదప వారెక్కడ నుందురు? ఉద్యోగము దొరికినచో నందు నిలువగలుగుటకు వారికెవరు తోడు? మనసు క్రుంగిననాడు వారేవైద్యుని గడప త్రొక్కవలెను? ఈ ప్రశ్నలకు నీలి దీపములు సమాధానము చెప్పజాలవు.

2021వ సంవత్సరపు లెక్కను బట్టి ప్రపంచమున 127 మందిలో నొకరికి ఆటిజము కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నూట నలువది కోట్ల ప్రజలు గల మన దేశమునకు ఆ దామాషానే అన్వయించినచో వీరి సంఖ్య కోటికి పైబడును. ఇది యావజ్జీవము వెంట నుండు స్థితి గనుకను, మన జనులలో మూడింట రెండు పాళ్లకు మించి వయోజనులే గనుకను, ఈ కోటిమందిలో నధిక సంఖ్యాకులు పెద్దవారే యై యుండవలెను. కాని వారు కనబడరు. 2011వ సంవత్సరపు జనగణనలో వైకల్యముల పట్టికయందు చూపు, వినికిడి, మాట, నడక మొదలగు గడులుండెను గాని ఆటిజమునకు గడి లేకపోయెను. లెక్కకు రానివారు పద్దులోనికిని రారు. పద్దులోనికి రానివారికి శాసనము కాగితముగనే మిగులును.

అసలీ ఆటిజ మననేమి? అది జ్వరము వలె వచ్చి పోవు రోగము కాదు, ఉన్మాదము కాదు, పూర్వజన్మ పాపము అంతకంటెను కాదు. మెదడు పెరుగుటలోనే పుట్టుకనుండి కలిగిన భేదము. ఇతరుల ముఖకవళికలను, మాటల వెనుకనున్న భావమును తటాలున గ్రహించుటలో కష్టము, పలుకుబడిలో తేడా, ఒక క్రమమునందు, ఒక విషయమునందు దృఢమైన యాసక్తి, ఆకస్మికమైన మార్పును సహింపలేకుండుట, శబ్దము, వెలుతురు, స్పర్శ, వాసన మనకంటె మిక్కిలి తీవ్రముగనో మిక్కిలి మందముగనో తోచుట – ఇవి దాని లక్షణములు. ఒకరికి మాటయే రాకపోవచ్చును. వేరొకరు పట్టభద్రులై గ్రంథములు వ్రాయవచ్చును. ఇరువురును ఆటిజము గలవారే. ఏనుగును తడిమిన గ్రుడ్డివారివలె నొక యవయవమును బట్టి యింతే యని నిర్ణయింపరాదు.

1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరీక్షించి యీ స్థితిని మొదట విపులముగ వర్ణించెను. ఆ పదునొకండుగురిలో మొదటివాడు మిసిసిపీ రాష్ట్రమునందలి ఫారెస్టు అను చిన్న పట్టణమునకు చెందిన డోనల్డ్ ట్రిప్లెట్. మన పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు గనుక ఈతని కథలో నొక ఘట్టమును ప్రత్యేకముగ మనవి చేయుచున్నాము. మూడవయేట నొక ఆశ్రమమున బెట్టి, పిదప తల్లిదండ్రులు మరల తెచ్చుకొనిన ఆ బాలుని కొంతకాలము పల్లెటూర నొక రైతు దంపతుల యింట నుంచిరి. బాలునకు కొలతల పిచ్చి. రైతు వానిని కసరలేదు. బావి త్రవ్వించి లోతెంతో చెప్పుమనెను. బాలుడు మొక్కజొన్న సాళ్లను పదేపదే లెక్కించుచుండెను. రైతు దానిని మాన్పింపలేదు. నాగలి చేతికిచ్చి దున్నుచు లెక్కింపుమనెను. 1945లో చూడవచ్చిన కానర్ వైద్యుడు ఆ బాలుడు గుఱ్ఱమును మలుపుచు పొడవైన చాళ్లను చక్కగ దున్నుట గాంచి యాశ్చర్యపడెను.

ఆ బాలుడు పెరిగి కళాశాలలో చదివి పట్టభద్రుడాయెను. తన యూరి బ్యాంకులో దశాబ్దములపాటు ఉద్యోగము చేసెను. కారు నడిపెను, గోల్ఫు ఆడెను, దేశదేశములు తిరిగెను, 2023లో 89వ యేట మరణించెను. ఆ బ్యాంకులో నాతని కుటుంబమునకు భాగముండెనన్న మాట నిజమే; కలిమి వానికి తోడాయెను. కాని కలిమి యొక్కటియే కాదు. ఆ యూరివారు వానిని వెక్కిరింపక, వాని తీరును వాని తీరుగ నెంచి తమలో నొకనిగ జూచుకొనిరి. 1971లో కానర్ వైద్యుడు తన మొదటి పదునొకండుగురు ఏమైరో విచారించి ప్రకటించెను. ప్రభుత్వ చికిత్సాలయములలో జేర్పబడి యక్కడనే యుండిపోయినవారు తమ తొల్లింటి తేజమును గోల్పోయి శూన్యులైరని యాతడు ఖేదపడెను. ఆదరమును పనియు దొరకినవాడు మనుష్యుడై నిలిచెను. నాలుగు గోడల నడుమ మరవబడినవారు మాసిపోయిరి. ఎనుబది యేండ్లకు పూర్వమే యా రైతు గ్రహించిన సూక్ష్మమును నేటి మన కార్యాలయాధికారులు గ్రహింపకుండుట విచారకరము.

ఈ విషయమున పండితులు చేసిన యపచారములును కొన్ని గలవు. బిడ్డను ప్రేమింపని తల్లి వలన ఆటిజము కలుగునని యొక సిద్ధాంతము పాశ్చాత్య దేశములలో చాలకాలము చెలామణి యయ్యెను. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, తానే యిట్టి బిడ్డకు తండ్రి, దానిని ఖండించి గ్రంథము వ్రాసెను. అయినను 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ నిందనే మరల జనరంజకముగ ప్రచారము చేసెను. ఎందరో తల్లులు చేయని నేరమునకు కుమిలిరి. ఆ సిద్ధాంతము నేడు శాస్త్రమున నిలువలేదు. మన దేశమున నా నింద వేరు రూపము దాల్చినది. అత్తింట కోడలి జాతకముపై పడినది. శాస్త్రము విడిచిన నిందను సంప్రదాయము మోయనేల?

ఇక ప్రస్తుతాంశమునకు వత్తము. ఆటిజము స్వయముగ మనోవ్యాధి కాదు. కాని ఆటిజము గల పెద్దలలో ఆందోళన, కుంగుబాటు అను మానసిక బాధలు అత్యధికముగ నున్నవి. అనేక దేశముల పరిశోధనలను గూర్చి 2019లో వెలువడిన యొక సమీక్షలో వీరిలో నూటికి 27 మంది ఆందోళనతోను, 23 మంది కుంగుబాటుతోను అప్పటికప్పుడు బాధపడుచున్నట్లు తేలినది. జీవితములో నెప్పుడో యొకప్పుడు ఆందోళనకు లోనగువారు నూటికి 42 మంది. కుంగుబాటునకు లోనగువారు 37 మంది. స్వీడనులో 2016లో ప్రకటింపబడిన బృహత్పరిశోధన మరింత కలచివేయునది. ఆటిజము గలవారిలో ఆత్మహత్యల వలని మరణములు సామాన్య జనులలో కంటె ఏడు రెట్లకు మించియున్నవని యది చెప్పినది. ఈ యంకెలు చదివి నిట్టూర్చి పుట త్రిప్పుట తగదు. ఎందుకిట్లగుచున్నదని యడుగవలెను.

పుట్టుకతో వచ్చిన భేదమే యీ మరణములకు కారణమని చెప్పి చేతులు కడుగుకొనుట సులభము. కాని వారిని ప్రశ్నించి తెలిసికొనిన పరిశోధకులు వేరొక కారణమును గూడ చూపుచున్నారు. ఆటిజము గలవారిలో పెక్కురు తమ సహజమైన తీరును దాచి నిత్యము ముసుగు వేసికొని బ్రతుకుచున్నారు. ఎదుటివాని కన్నులలోనికి చూచుట వారికి బాధ. అయినను బలవంతముగ చూతురు. ఎక్కడ నవ్వవలెనో, ఎన్ని క్షణములు నవ్వవలెనో లెక్కకట్టుకొని నవ్వుదురు. చేతుల నాడించిన మనసు కుదుటపడునని తెలిసినను జేబులలో దోపుకొందురు. నాటకరంగముపై నటునకు తెర దిగిన పిదప విశ్రాంతి గలదు. వీరికి తెర దిగదు. ఈ ముసుగునకును, అక్కరలకు సాయము దొరకకుండుటకును, ప్రాణములపై విరక్తికిని సంబంధము గలదని 2018లో ఇంగ్లండులో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. ఇట్లు సంవత్సరముల తరబడి నటించి నటించి యొకనాడు మాట, పని, ఓపిక యన్నియు నుడిగి కూలబడుట గలదు. దానిని సోమరితనమని మన యధికారులు వ్రాసికొందురు.

ఉద్యోగశాలను ఒకసారి వీరి కన్నులతో చూతము. పరీక్షలో మొదటి శ్రేణి వచ్చినవాడు మౌఖిక పరీక్షలో తప్పును. ఎందుకనగా అక్కడ పరీక్షింపబడునది పనికాదు, పలకరింపు. ఉద్యోగము దొరికినను, గోడలు లేని విశాలమైన గది, నలుబది మంది సంభాషణలు, మిణుకుమనుచున్న గొట్టపు దీపములు, ఆగని టెలిఫోనులు. అధికారి నడచుచు నడచుచు నోటిమాటగ మూడు పనులు చెప్పును. ‘వీలు చూచుకొని చేయుము’ అనును; దాని యర్థము ‘సాయంకాలములోపల’ అని సాటివారికి తెలియును, ఇతనికి తెలియదు. నిన్నటి బల్ల నేడు మారును. మధ్యాహ్నము కాఫీకి పోని వానికి పొగరని పేరు. తప్పును తప్పని సూటిగ చెప్పిన వానికి వినయము లేదని పేరు. పనిలో లోపము చూపలేక, ‘అందరితో కలియడు’ అన్న యొక్క వాక్యముతో నెందరి జీవనోపాధి తెగిపోవుచున్నది! ఇట్లు తెగినవాడు ఇంటికి వచ్చి గది తలుపు మూసికొనును. అప్పుడు మనము ‘వీనికి మానసిక వ్యాధి’ అందుము. వ్యాధిని కలిగించినదెవరు?

డేమియన్ మిల్టన్ అను ఆంగ్ల విద్వాంసుడు, తానును ఆటిజము గలవాడే, 2012లో నొక చక్కని సంగతి నెత్తి చూపెను. ఆటిజము గలవానికి మన భావములు తెలియవని మన మాక్షేపింతుము. వాని భావములు మనకు తెలియుచున్నవా? అపార్థము ఉభయపక్షములదియు నైనప్పుడు దోషమంతయు నొక పక్షముపై మోపుట న్యాయమా? ఈ మాట పరపాలన ననుభవించిన జాతికి వేరుగ వివరింప బనిలేదు. పాలించువాని పద్ధతియే నాగరకత యనియు, పాలితుని పద్ధతి మోటుదనమనియు చెప్పించుకొని యొకానొకనాడు మన మెంత పరితపించితిమి! సంఖ్యలో హెచ్చువారి తీరే ప్రమాణమని చెప్పు ఆ యహంకారమునే నేడు మనలోని స్వల్పసంఖ్యాకులపై మనము చూపవచ్చునా?

నివారణోపాయములు దుర్లభములు కావు. విశేష వ్యయసాధ్యములును కావు. నోటిమాటకు బదులు వ్రాతలో ఆజ్ఞ. పనికి గడువు స్పష్టముగ తేదీతో చెప్పుట. మార్పును ముందురోజున తెలుపుట. సద్దులేని మూల నొక బల్ల, లేక చెవులకు శబ్దము నాపు సాధనము. మౌఖిక పరీక్షకు బదులు పని చేయించి చూచుట. ఒకే యధికారి వద్దకు పోయి సందేహము లడుగు వీలు. మనసు కలత చెందినప్పుడు పది నిమిషములు బయటకు పోవుటకు అనుమతి. ఇంతకు మించి చాలమంది కోరుటలేదు. పొలములో ఎడమచేతివాటము కూలివానికి కొడవలి వేరుగ కొట్టించి యిచ్చు కామందు దానిని ధర్మకార్యమని చాటింపు వేయడు. కోత చక్కగ జరుగునని యెరుగును. కార్యాలయమున నిదియు నంతియే.

శాసనము నీ విషయమున నేమన్నదో పరిశీలింతము. 1995వ సంవత్సరపు వికలాంగుల శాసనములో ఆటిజము పేరు లేదు. 1999లో జాతీయ న్యాసము చట్టమునందు మొదటిసారి దానికి స్థానము దొరికెను. వికలాంగుల హక్కులను గూర్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశము 2007లో ధ్రువపరచెను. దాని ఫలితముగ 2016లో హక్కుల చట్టము వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి యమలులోనున్నది. అందు ఇరువదియొక్క వైకల్యములు పేర్కొనబడినవి. ఆటిజము వానిలో నొకటి. ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు స్థానములు వికలాంగులకు కేటాయింపబడినవి. ఆ నాలుగింటిలో నొకటి మాత్రము ఆటిజము, బుద్ధిమాంద్యము, అభ్యసన వైకల్యము, మనోవ్యాధి, బహువిధ వైకల్యములు గలవారందరికిని ఉమ్మడి. ఒక్క విస్తరిలో నైదుగురికి వడ్డించినట్లున్నది! అయినను విస్తరియే లేని కాలముకంటె మేలని యొప్పుకొనవలెను.

చిక్కు వేరొకచోట నున్నది. ఈ కేటాయింపు నూటికి నలువది పాళ్లు, అంతకు మించి వైకల్యము గలదని ధ్రువపత్రము గలవారికే వర్తించును. ఆ కొలతకు వాడు భారతీయ మానము సికిందరాబాదులోని జాతీయ సంస్థలో నిర్మింపబడినదే. 1984లో వెలసిన యా సంస్థ బోయినపల్లిలో నేటికిని పనిచేయుచున్నది. తెలుగు దేశమునకు గర్వకారణము. నలువది యంశములు గల యా మానము దేశమంతట వాడుకలోనున్నది. కాని ముప్పది యేండ్లు ముసుగు వేసికొని యలవాటుపడినవాడు ఏ కొలతలో నైనను తక్కువగనే తేలును. పైకి తక్కువగ తేలినవాని లోపలి బాధ తక్కువని కాదు. ఈ విషయమున సర్వోన్నత న్యాయస్థానము 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ వ్యాజ్యమునందు దారి చూపినది: నలువది పాళ్ల గీత కేటాయింపులకు గీత గాని, సహేతుకమైన సర్దుబాటునకు గీత కాదు, ఆ సర్దుబాటు వైకల్యము గల ప్రతివానికిని హక్కు. ఆ తీర్పు వ్రాయు చేతి వ్యాధి గల యభ్యర్థిని గూర్చినదైనను దాని సూత్రము ఆటిజమునకును వర్తించును. అదే సంవత్సరము డిసెంబరులో మనోవ్యాధి గల యొక రక్షకదళాధికారి విషయమున, వ్యాధి వలన కలిగిన ప్రవర్తనకు క్రమశిక్షణ పేర విచారణ జరుపుట వివక్షయే యని యా న్యాయస్థానము సెలవిచ్చెను. ఈ రెండు తీర్పులను ప్రతి కార్యాలయాధికారియు చదువవలెను.

కాని ప్రభుత్వ కార్యాలయములు దేశములోని యుద్యోగములలో నెన్నవ వంతు? సహేతుకమైన సర్దుబాటు చేసి తీరవలెనని 2016 చట్టపు ఇరువదవ విభాగము ప్రభుత్వ సంస్థలనే స్పష్టముగ శాసించినది. ప్రైవేటు సంస్థలు సమానావకాశ విధానమును ప్రకటింపవలెననియు, ఇరువది మందికి తక్కువ కాని యుద్యోగులు గల సంస్థలు అందు వసతుల వివరములను జూపవలెననియు నియమమున్నది. ప్రకటించుట వేరు, పాటించుట వేరు. హైదరాబాదు పడమటి యంచున మేడల మీద మేడలు లేచిన యంత్రగణక పరిశ్రమలో వేలకొలది తెలుగు యువకులు పనిచేయుచున్నారు. వారిలో తమకు ఆటిజము గలదని తెలిసియు చెప్పుకొనలేనివారు, అసలు తెలియక తమను తామే నిందించుకొనువారు నుండక తప్పదు. చెప్పినచో ఉద్యోగము పోవునన్న భయ ముండగా విధాన పత్రము గోడకు వ్రేలాడిన ప్రయోజన మేమి? ప్రైవేటు యజమానిపైనను ఈ బాధ్యతను సూటిగ నుంచునట్లు శాసనమును సవరింపవలెను.

చికిత్స మాట మరింత దీనముగ నున్నది. బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ జరిపి 2016లో ప్రకటించిన విచారణలో, ఆయా మనోవ్యాధులు గలవారిలో నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స లేకయే యున్నారని తేలినది. దేశమున లక్షమందికి ఒక్క మనోవైద్యుడైనను లేడు. 2013లో ప్రారంభింపబడిన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము పుట్టుక మొదలు పదునెనిమిది యేండ్ల వరకు పిల్లలను పరీక్షించును. మంచిదే. పందొమ్మిదవయేట నా తలుపు మూతపడును. ఆవలి తలుపు లేదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రతివానికిని చికిత్స పొందు హక్కు నిచ్చినది. కాని యెర్రగడ్డలోను విశాఖపట్టణములోను నున్న ప్రభుత్వ మానసిక వైద్యశాలలే రెండు రాష్ట్రములలోని ప్రతి పల్లెకును దిక్కు కాజాలవు.

వైద్యుడు దొరికినను చాలదు. ఆటిజము నెరిగిన వైద్యుడు కావలెను. ‘మీకెట్లున్నది?’ అని యడిగిన వైద్యునకు ఆటిజము గలవాడు జవాబు చెప్పలేకపోవచ్చును. తన బాధకు పేరు పెట్టుట వారిలో పెక్కురకు కష్టము. నవ్వుముఖముతోనే ప్రాణసంకటమును జెప్పవచ్చును. ఆ ముఖమును జూచి వైద్యుడు తేలికగ దలచిన ప్రమాదము. ఇంగ్లండులోని జాతీయ ప్రమాణసంస్థ 2012లో వయోజనుల కొరకు ప్రకటించిన సూచనలు గమనింప దగినవి: సంభాషణ చికిత్సను మరింత స్పష్టముగ, క్రమబద్ధముగ, వ్రాతరూపమున, ఉపమానము లధికముగ లేక జరుపవలెను; నడుమ విరామము నీయవలెను; రోగి యిష్టపడినచో నింటివారిని గలుపుకొనవలెను. ఆటిజము యొక్క మూలలక్షణములను మాన్పుటకు ఉన్మాద చికిత్సకు వాడు మందులను వాడరాదు. ఉద్యోగమున నిలుచుటకు వ్యక్తిగతమైన తోడ్పాటు నీయవలెను. చికిత్సాపత్రములో నుద్యోగమును గూర్చి వ్రాయుట మనవారికి వింతగ దోచవచ్చును. కాని గౌరవముతో గూడిన పనికంటె మనసునకు బలమిచ్చు మందెన్ని గలవు?

ఇతర దేశములలో నుద్యోగ ప్రయత్నములు కొన్ని జరిగినవి. 2004లో డెన్మార్కున థోర్కిల్ సొన్నే యనునతడు, ఆటిజము గల కుమారుని తండ్రి, ఇట్టివారికి పని యిచ్చు సంస్థను స్థాపించెను. 2013లో సాప్ అను జర్మను సంస్థ ఆటిజము గలవారికి ప్రత్యేకముగ నుద్యోగముల నిచ్చు కార్యక్రమమును ప్రకటించినది. ఇవి హర్షింపదగినవే. అయినను, 2009లోనే వయోజనుల కొరకు ప్రత్యేక శాసనము చేసిన ఇంగ్లండు గల బ్రిటనులో సైతము ఆటిజము గలవారిలో పదింట మువ్వురే యుద్యోగములలో నున్నారని 2024 ఫిబ్రవరిలో వెలువడిన ప్రభుత్వ సమీక్ష చెప్పినది. శాసనము చేసినవారికే యిట్లున్నప్పుడు, చేసిన శాసనమును చదువని మన మాట చెప్పనేల?

ఇక్కడ నొక హెచ్చరిక. ‘వీరు గణితమున ఘటికులు, తప్పులు పట్టుటలో దిట్టలు; కనుక వీరికి పని యిచ్చిన లాభము’ అను మాట నేడు ప్రబలుచున్నది. కొందరి విషయమున నిజమే. కాని లాభమే ప్రమాణమైనచో లాభము తేలేనివాని గతి యేమి? చరిత్ర దీనికి జవాబు చెప్పినది. 1944లో వియన్నా నగరమున హాన్స్ ఆస్పెర్గర్ వైద్యుడు ఆటిజము గల బాలురలో కొందరి ప్రతిభను మెచ్చి వ్రాసెను. ఆ కాలముననే, హిట్లరు పాలనలో, పనికిరారని తలపబడిన పిల్లలు ఆ నగరములోని ష్పీగెల్‌గ్రుండ్ అను చోటికి పంపబడి వందలకొలది చంపబడిరి. ఆస్పెర్గర్ కొందరు పిల్లల నక్కడికి పంపుటలో పాల్గొనెనని 2018లో ప్రకటింపబడిన చారిత్రక పరిశోధన చూపినది. ఉపయోగమును బట్టి మనుష్యుని వెలకట్టుట ఎక్కడికి దారితీయునో దీని వలన తెలిసికొనవలెను. హక్కు ప్రతిభకు బహుమానము కాదు, మనుష్యత్వమునకు సహజమైనది.

‘పట్టభద్రులకే పనులు లేని దేశమున వీరిమాట యెందుకు?’ అని యడుగువారు గలరు. కరవు వచ్చినప్పుడు పంక్తిలో చివరివాని విస్తరి తీసివేయుట పంపిణీ కాదు. ‘ఒకరికి సడలింపు నిచ్చిన అందరు నడుగుదురు’ అనువారు గలరు. స్పష్టమైన యాజ్ఞలు, సద్దుతగ్గిన గది అందరికి నిచ్చినచో పనికి నష్టమేమి? పని, విద్య, వైకల్యమున సహాయము అను వానిని సమకూర్చుటకు తన శక్తికొలది యత్నింపవలెనని మన రాజ్యాంగపు నలువదియొకటవ యధికరణము ప్రభుత్వమున కాదేశించినది. అది భిక్ష కాదు. స్వరాజ్యము కొరకు పాటుపడినవారు తమ సంతతికి వ్రాసి యిచ్చిన వాగ్దానము.

ఇక గృహస్థులైన పాఠకులకు సూటిగ రెండు మాటలు. పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు, పెండ్లయితే గాని పిచ్చి కుదరదని మనవారు సామెతగ నందురు. దానిని నిజమని నమ్మి, సంగతి దాచి, ఆటిజము గల కుమారునకో కుమార్తెకో వివాహము చేయువారు గలరు. వారు ఇద్దరి జీవితముల నొకేసారి చిక్కున బెట్టుచున్నారు. ఆటిజము గలవారు వివాహమున కనర్హులని మేము చెప్పుటలేదు. సుఖముగ కాపురము చేయువారు గలరు. వారి యిష్టము, ఎదుటివారి యెరుక – ఈ రెండును లేని పెండ్లి మోసము.

రెండవది ఆస్తి. తండ్రి గతించిన పిదప ఆటిజము గల సోదరుని వ్రేలిముద్ర వేయించుకొని వాటాను కలుపుకొనుట కొత్త సంగతి కాదు. 2016 చట్టపు పదుమూడవ విభాగము ప్రకారము వైకల్యము గలవానికి ఇతరులతో సమముగ ఆస్తిని పొందుటకును అనుభవించుటకును హక్కు కలదు. సంరక్షకుడు కావలసివచ్చినచో 1999 చట్టము క్రింద జిల్లా కలెక్టరు అధ్యక్షతను గల స్థానిక సంఘము నాశ్రయింపవచ్చును. 2016 చట్టమైతే సంరక్షకుడు వాని యిష్టమును గలుపుకొని నిర్ణయము చేయవలెనేగాని వాని నోరు మూయరాదని చెప్పినది. మూడెకరముల మాగాణి గాని మూడంతస్తుల మేడ గాని వ్రాయుటకు ముందు, ఎవరితో నుండగోరుచున్నావు, ఏ పని చేయగోరుచున్నావు అని యా బిడ్డ నడిగిన తండ్రు లెందరు? మాట రానివారికి కోరికలు లేవని యెవరు చెప్పిరి?

మేము ప్రభుత్వములను గోరునవి నాలుగు. ప్రతి జిల్లా వైద్యశాలలో వయోజనులకు ఆటిజమును నిర్ణయించు ఏర్పాటు; మనోవైద్యులకును సలహాదారులకును ఈ విషయమున శిక్షణ; ప్రైవేటు యజమానులపై సర్దుబాటు బాధ్యత నుంచు సవరణము; ఉద్యోగమున జేరిన పిదప నొక సంవత్సరమైనను తోడుండు సహాయకుల నియామకము. ఈ సంఘములన్నింటిలోను ఆటిజము గల పెద్దలకే స్థాన మీయవలెను. తమ్ము గూర్చి తమ లేమిలో నిర్ణయములు చేయుటను మనము ఒప్పుకొనలేదు, వారును ఒప్పుకొననక్కరలేదు.

శాసనములు నడచువరకు మానవులు వేచియుండజాలరు. మనసు క్రుంగి ప్రాణముపై విరక్తి కలిగినవారికి కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు నుండి 14416 సంఖ్యతో టెలిఫోను సహాయమును నెలకొల్పినది. పగలు రాత్రి యనక పిలువవచ్చును. ఈ సంఖ్యను ప్రతి కార్యాలయపు గోడపైనను వ్రాయించుట యజమానుల కేమంత భారము? బిడ్డలుగ నున్నప్పుడు చిత్రములు తీయించి, పెద్దవారైన పిదప తలుపులు మూయు సంఘము దయగలది యనిపించుకొనజాలదు. వారి వయస్సుతోబాటు మన బాధ్యతయు పెరుగవలెను.